తల వెంట్రుక తీగలతో జంట రెక్కల విమానం!

కింగ్ కాంగ్‌ని చంపింది ఎవరు?

1933లో వచ్చిన ‘కింగ్ కాంగ్’ చూసినవాళ్లు ఠక్కున జవాబు చెప్పేస్తారు. న్యూయార్కులో ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ శిఖరాన ఆ మహా వానరం నుంచుని వీరంగం వేస్తూంటే, చుట్టూ ఈగల్లా ముసిరిన విమానాలు మరతుపాకులతో కాల్చి పడగొట్టాయి. అవి అమెరికా నౌకాదళం వారి కర్టిస్ విమానాలు. పైనొక రెక్క, కిందొక రెక్క, మధ్యలో కర్రలూ తీగలూ... జంట రెక్కల విమానాలన్నమాట! తమాషా ఏమిటంటే, కాంగ్‌ని కూల్చిన విమానంలో కూర్చున్న ఇద్దరూ ఎవరో కాదు, ఆ సినిమా తీసిన మెరియన్ కూపర్, ఎర్నెస్ట్ షోడ్‌సాక్ గార్లే. తాము పెంచి పెద్ద చేసిన హీరోని తామే చంపుకున్నారు పాపం.

అంతకన్నా పెద్ద తమాషా ఇంకోటుంది. ఆ సీనులో కొన్ని షాట్లలో ఎగిరినవి నిజం విమానాలు. మరికొన్ని షాట్లలో ఎగిరినవి బల్లమీద పెట్టుకునే బొమ్మలు! ఏది ఎక్కడ మారిందో హాల్లో కూర్చున్న ప్రేక్షకుడికి పట్టలేదు. పట్టనివ్వకపోవడమే పనితనం.

ఈ వారం మన కబుర్లు ఆ పనితనం గురించే. స్టూడియోలో కాదు, మన ఇంట్లో, వసారాలో, చదువుకునే బల్లమీద! అరవై ఏళ్లు పైబడిన పాత ప్లాస్టిక్ కిట్టు ఒకటి చేతికొస్తే దాన్ని ఎలా కట్టాలి, ఎంతవరకు బాగు చెయ్యాలి, ఎక్కడ చెయ్యి ఆపాలి అన్నది సంగతి. చివరిదే అన్నిటికన్నా కష్టం సుమండీ!

రెండు షిల్లింగుల విమానం

ప్లాస్టిక్ కిట్టు అనగానే ముందు చెప్పుకోవలసిన పేరు ఇంగ్లండులోని ఎయిర్‌ఫిక్స్. నికొలస్ కోవ్ అనే హంగేరీ దేశస్థుడు 1939లో పెట్టాడు. మొదట్లో అమ్మింది గాలి ఊదే రబ్బరు బొమ్మలు, తర్వాత దువ్వెనలు! 1952లో ‘గోల్డెన్ హైండ్’ ఓడ, 1953లో స్పిట్‌ఫైర్ విమానం కిట్లుగా వచ్చి వూల్‌వర్త్ షాపుల్లో వేడి వేడి పకోడీల్లా అమ్ముడైపోయాయి. పాలిథీన్ సంచీలో ముక్కలు, పైన మడిచి కొట్టిన అట్టమీద రంగుల బొమ్మ, ధర రెండు షిల్లింగులు. ఆ వరసలోనే 1950ల చివరి రోజుల్లో వచ్చింది టైగర్ మాత్.

ఆ టైగర్ మాత్ మనకి పరాయిది కాదు. 1931 అక్టోబరు 26న ఇంగ్లండులో మొదటిసారి ఎగిరిన ఈ డి హావిలాండ్ విమానం మీద ఒక తరం భారతీయ పైలట్లు ఓనమాలు దిద్దుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో హైదరాబాదు బేగంపేటలో విమాన శిక్షణ పాఠశాల నడిచింది. అక్కడ పలకా బలపం రెండూ టైగర్ మాతే! ముందు సీట్లో గురువు, వెనక సీట్లో శిష్యుడు, 130 గుర్రాల ఇంజను. వేగం మహా అయితే గంటకి 175 కిలోమీటర్లు. ఇప్పటి కార్లు కొన్ని దాన్ని దాటి పోతాయి. సినిమా వేషాలూ వేసిందండోయ్. ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’ (1962)లో ఎడారి మీద బాంబులు కురిపించే శత్రు విమానాలు మేకప్ వేసుకున్న టైగర్ మాత్‌లే. ‘ది బ్లూ మాక్స్’ (1966)లోనూ జూనియర్ ఆర్టిస్టుల్లా గుంపులో ఎగిరాయి.

1:72 కొలతలో ఈ విమానం రెక్కల వెడల్పు పన్నెండున్నర సెంటీమీటర్లు. నిజం విమానానిది 29 అడుగుల 4 అంగుళాలు. ఐదడుగుల ఆరంగుళాల మనిషి ఈ లెక్కన 2.3 సెంటీమీటర్లు ఉంటాడు. అగ్గిపుల్లలో సగం కంటే కాస్త ఎక్కువ! ఈ 72ని గుర్తుపెట్టుకోండి. ఇక ముందు ప్రతి మలుపులోనూ ఇదే మన విలన్.

కట్టాలా, దాచాలా?

పాత కిట్టు చేతికి రాగానే మొదటి తగువు ఇక్కడే. విప్పని సంచీ అయితే సేకరించేవాళ్లు మంచి ధర ఇచ్చి కొంటారు. పైగా ఎయిర్‌ఫిక్స్ వారే 2014లో ఇదే 1:72 కొలతలో టైగర్ మాత్‌ని సరికొత్త అచ్చులతో మళ్లీ తెచ్చారు. రెక్కలు పలచన, ముక్కలు చక్కగా కూర్చుంటాయి, ఏ గొడవా లేదు. మరి ముసలి కిట్టుతో ఎందుకీ తంటా?

ఒక పక్షం వాదన: అది ఆ రోజుల వస్తువు, లోపాలతో సహా అలాగే ఉంచండి. రెండో పక్షం: అచ్చు చేసినవాడి తప్పులన్నీ దిద్ది, కొత్త కిట్టుని తలదన్నేలా చెయ్యండి. మొదటివాళ్లది మ్యూజియం బుద్ధి, రెండోవాళ్లది పరీక్ష పేపర్లు దిద్దే మాస్టారి బుద్ధి. మా ఓటు ఇద్దరికీ కాదు. పాత కిట్టుని కట్టి తీరాలి, బాగూ చెయ్యాలి. కాకపోతే కంటికి అడ్డొచ్చే రెండు మూడు చోట్లే చెయ్యి పెట్టాలి. ‘మాయాబజార్’ (1957)లో ద్వారకా నగరం ఒక మినియేచరే కదా! గోఖలే, కళాధర్ గార్ల కళ, మార్కస్ బార్ట్‌లే గారి కెమెరా. అది చూస్తూ ఏ మేడకి ఎన్ని కిటికీలని ఎవరు లెక్కపెట్టారు? కెమెరా ఎంత దూరంలో ఉంటుందో తెలిసినవాడు ఆ దూరానికి కావలసిందే చెక్కుతాడు. బల్లమీది బొమ్మకి మన కన్నే కెమెరా. దూరం మూరెడు.

కొండపల్లి పాఠం

అయినా ఈ విద్య మన నందిగామ, జగ్గయ్యపేట వాళ్లకి ఇంగ్లండువాడు నేర్పాలా చెప్పండి? నందిగామ నుంచి విజయవాడ బస్సెక్కి, కంచికచర్ల దాటి, ఇబ్రహీంపట్నం దగ్గర పక్కకి తిరిగితే కొండపల్లి. అక్కడ తెల్లపొణికి చెక్కతో తాడెక్కే గీత కార్మికుణ్ణి చేస్తారు, అంబారీ ఏనుగుని చేస్తారు, ఎడ్లబండి చేస్తారు. ఆ తాటిచెట్టుకి ఆకు ఈనెలుండవు, గీత కార్మికుడి చేతికి గోళ్లుండవు. కానీ చూడగానే, అడుగో మన ఊరివాడే అనిపిస్తాడు. ఏది వదిలెయ్యాలో ఆ చేతులకి తెలుసు.

ఇంకో రహస్యం కూడా అక్కడే ఉంది. విడివిడిగా చెక్కిన కాళ్లూ చేతులూ అతికేటప్పుడు వాళ్లు ‘మక్కు’ వాడతారు. చింతగింజల పిండిలో రంపంపొట్టు కలిపిన ముద్ద అది. అతుకు మీద పూసి, ఆరాక అరగదీస్తే సందు మాయం! మన ప్లాస్టిక్ విమానానికీ సందులే జబ్బు. రెక్క దేహాన్ని కలిసే చోట అప్పటి కిట్లలో గోరు దూరేంత సందుంటుంది. అలాగని మక్కు తెచ్చి పూస్తే నిలవదు. అది చెక్కని పట్టుకుంటుందిగాని నున్నటి ప్లాస్టిక్‌ని పట్టుకోదు. కాని కిటుకు మాత్రం తీసుకోవచ్చు. ముక్కలు అతుక్కుని వచ్చే చట్రం ఉంటుంది చూడండి, అందరూ పారేసేది! దాన్ని సన్నగా గీరి, ప్లాస్టిక్ అతికించే జిగురు సీసాలో ఒక రాత్రి నానబెట్టండి. కరిగి చిక్కటి పాయసంలా అవుతుంది. అదే రంగు, అదే జాతి ప్లాస్టిక్. చెక్కకి చెక్కపొట్టు, ప్లాస్టిక్‌కి ప్లాస్టిక్ పొట్టు. సందులో పెట్టి, రెండు రోజులు ఆగి, నీళ్ల పేపరుతో అరగదీస్తే అతుకు ఎక్కడో మీకే తెలీదు.

రెండు రోజులు ఎందుకంటారా? ఆ ముద్ద పైకి ఆరినట్టు కనిపిస్తూ లోపల మెత్తగా ఉంటుంది. తొందరపడి అరగదీస్తే తర్వాత కుంగి గుంట పడుతుంది. ఓపిక లేనివాళ్లు వడ్రంగి వాడే లప్పమో, ఎమ్‌సీలో వాడుకోవచ్చుగాని ఇంత చిన్న వస్తువు మీద అవి మొరటు.

పనిముట్ల కోసం హైదరాబాదు పరుగెత్తక్కర్లేదు. కంసాలి వాడే శ్రావణం, సన్నటి ఆకురాళ్లు, పెయింట్ల కొట్లో దొరికే నీళ్ల పేపరు, కొత్త బ్లేడు చాలు. ఒకటి మాత్రం జ్ఞాపకం పెట్టుకోండి. ఫెవికాల్ చెక్కకి రాజు, ఈ ప్లాస్టిక్‌కి బంటు కూడా కాదు, ఊడి చేతికొస్తుంది. అసలు జిగురు ప్లాస్టిక్‌ని కాస్త కరిగించి రెంటినీ ఒకటి చేసేస్తుంది. అందుకే చుక్క చాలు, ఎక్కువైతే రెక్క కూడా కరుగుతుంది. కిటికీ తెరిచి పని చెయ్యండి. ఆ వాసన తలకెక్కుతుంది, దీపం దగ్గరికి రానిస్తే అంటుకుంటుంది.

మూడు చోట్ల చెయ్యి

ఆ కాలపు అచ్చులకి పెద్ద లోపం రెక్క వెనక అంచు. అచ్చులో ప్లాస్టిక్ పారడానికి దాన్ని దట్టంగా వదిలేశారు. ముక్కాలు మిల్లీమీటరే కదా అనుకోకండి. మన విలన్‌ని పిలవండి, 72తో హెచ్చించండి. రెండంగుళాలు దాటింది! నిజం విమానానికి అక్కడ గుడ్డ, సన్నటి అంచు తప్ప ఏమీ ఉండవు. ఇక్కడేమో ఇంటి గడపంత దిమ్మ. రెక్కని గాజు పలక మీద పరిచి, అడుగు వైపు నుంచి మాత్రమే నీళ్ల పేపరుతో పలచన చెయ్యాలి. పై వైపు ముట్టుకోకూడదు, అక్కడ గుడ్డ కింది పక్కటెముకల గీతలుంటాయి. ఒక్క సాయంత్రం పని. బొమ్మ ఠీవి మొత్తం మారిపోతుంది.

రెండోది పైలట్ కూర్చునే చోటు. ఎన్నో పాత కిట్లలో అక్కడ ఒక గుంట, దాన్లో ఒక తలకాయ, అంతే! సీటు లేదు, మీటల బోర్డు లేదు. పలచటి ప్లాస్టిక్ అట్టతో రెండు సీట్లు, సిగరెట్టు పెట్టె వెండి కాగితంతో బెల్టులు పెడితే సరి. బోర్డు మీద గడియారాల్లాంటి చుక్కలు పెన్సిలుతో నాలుగు పెట్టండి. అంతకు మించి వద్దు, మూరెడు దూరానికి అవి చాలు.

మూడోది... అసలైనది! తీగలు.

జంట రెక్కల విమానాన్ని నిలబెట్టేది కర్రలే కాదు, తీగలు. నులక మంచం చూడండి, పట్టె ఒక్కటే ఏం చేస్తుంది? నులక బిగిస్తేనే మంచం. ఇక్కడా అంతే. కొన్ని తీగలు గాల్లో ఉన్నప్పుడు రెక్కలు పైకి విరిగిపోకుండా పట్టుకుంటాయి. మరికొన్ని నేలమీద ఉన్నప్పుడు రెక్కలు కిందికి వాలిపోకుండా మోస్తాయి. రెండు రకాలూ ఎదురెదురుగా ఏటవాలున పోతాయి కాబట్టి ముందునుంచి చూస్తే గుణకారం గుర్తులా కనిపిస్తాయి. పాత కిట్లలో ఈ తీగల ఊసే ఉండదు, మన ఓపికకి వదిలేశారు. అవి లేని జంట రెక్కల విమానం మీసం లేని ఎస్వీ రంగారావు గారి మాంత్రికుడిలా ఉంటుంది!

దేంతో కట్టాలి? మిషను దారం తెచ్చి కడతారు కొందరు. దాని మందం పావు మిల్లీమీటరు, 72తో హెచ్చిస్తే దాదాపు రెండు సెంటీమీటర్లు. అది తీగ కాదు, బావి చేంతాడు! నిజం విమానానికి తీగ సుమారు ఆరు మిల్లీమీటర్లు. అంటే మనకి కావలసింది మిల్లీమీటరులో పన్నెండో వంతు ఉన్న దారం. ఏ కొట్లో దొరుకుతుందీ? కొట్లో కాదు, దువ్వెనలో చూడండి! మనిషి తల వెంట్రుక మందం సరిగ్గా ఆ లెక్కలోనే పడుతుంది. ఎయిర్‌ఫిక్స్‌వాడు దువ్వెనలమ్మి విమానాల్లోకి వచ్చాడు, మనం దువ్వెనలోంచి తీగలు తెచ్చుకుంటున్నాం.

అక్కయ్య పొడుగాటి జడలోంచి రాలిన వెంట్రుకలు నాలుగు అడిగి పుచ్చుకోండి (అడక్కుండా పీకితే పూచీ మాది కాదు). సబ్బునీళ్లలో కడిగి ఆరబెట్టండి. వెంట్రుకకి ఒక చిక్కుంది. తేమ తగిలితే సాగుతుంది, ఎండకి బిగుస్తుంది. వానాకాలంలో కడితే వేసవికి బిగిసి సన్న కర్రల్ని వంచవచ్చు. అది భయమైతే రెండో దారి. పారేసే చట్రం ముక్కని కొవ్వొత్తి మంటకి రెండంగుళాల పైన తిప్పుతూ పట్టుకుని, మెత్తబడగానే మంట దగ్గర్నుంచి తప్పించి రెండు చేతులా లాగండి. బెల్లం పాకంలా తీగ సాగుతుంది. నెమ్మదిగా లాగితే లావు, చురుగ్గా లాగితే సన్నం. చల్లారాక కొలత ప్రకారం కోసి, చివర్లకి సూది మొనంత జిగురుతో నిలబెట్టెయ్యండి. ఒకటి వదులుగా వస్తే ఆర్పిన అగరొత్తి ఇంకా వేడిగా ఉన్న కొసని దగ్గరగా, తగలకుండా ఒక్క క్షణం చూపించండి, అదే బిగుసుకుంటుంది.

పై రెక్క ఎక్కించడమూ ఒక ఫైటింగ్ సీనే. ఒక కర్ర నిలబడితే ఇంకోటి పడుతుంది. రెండు చేతులు చాలవు. అట్టతో రెండు రెక్కలకీ మధ్య దూరానికి సరిపడా ఎత్తున రెండు గోడలు కోసి, ఆ గోడలకి ఇటూ అటూ అగ్గిపెట్టెలు ఆనించి, రెక్కని వాటి మీద పడుకోబెట్టి, అప్పుడు కర్రలు ఒక్కొక్కటే అతకండి. టైగర్ మాత్ రెక్కలు కొంచెం వెనక్కి వాలి ఉంటాయి. ముందు సీటు గురువుగారు ప్రమాదం వస్తే పారాచూట్‌తో దూకడానికి అడ్డు లేకుండా పై రెక్కని ముందుకి జరిపి, బరువు సరితూగడానికి కొసల్ని వెనక్కి వంచారు. ఆ వాలు ఇటొకలా అటొకలా వస్తే మూరెడు దూరం నుంచీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఇక్కడ మాత్రం రాజీ పనికిరాదు.

మెట్ట ఎండ చేసే మేలు

మన మెట్ట ప్రాంతంలో ఈ పనికి కాలం చూసుకోవాలి. ఫిబ్రవరి నుంచి కల్లాల్లో మిర్చి ఆరబోస్తారు. ఆ ఘాటు గాలిలో కర్ర పట్టుకుని ఉండగా తుమ్మొచ్చిందా, విమానం క్రాష్ ల్యాండింగే! మేలో రంగు కుంచె మీదే ఎండిపోతుంది, పొద్దున్నే ఆరింటికి వెయ్యాలి. వానల్లో వార్నిష్ తెల్లగా పొగబారుతుంది.

కానీ అదే ఎండ ఒక గొప్ప ఉపకారం చేస్తుంది. కిట్టులో డెకాల్స్ ఉంటాయి, నీళ్లలో తడిపి జార్చి అంటించే గుర్తులు. అరవై ఏళ్లకి అవి పసుపు పచ్చగా మాగిపోతాయి. పారెయ్యకండి. కాగితాన్ని పాలిథీన్ కవర్లో పెట్టి, ఎండ పడే కిటికీ అద్దానికి లోపలి నుంచి బొమ్మ బయటికి కనిపించేలా అంటించి వదిలెయ్యండి. సీమలో వారాలు పట్టేది జగ్గయ్యపేట ఎండలో కొద్ది రోజుల్లోనే తెల్లబడటం చూడొచ్చు. ఇంకో గండం, ముసలి డెకాల్ నీళ్లలో పడగానే అప్పడంలా పగిలిపోతుంది. ముందే పలచగా వార్నిష్ పూసి ఆరనిస్తే ఆ పొర ముక్కల్ని కలిపి పట్టుకుంటుంది. అప్పుడు ప్రతి గుర్తునీ అంచుల వెంట కత్తిరించుకోవాలి.

ఏ గుర్తులు పెడతారు? ఇక్కడే చరిత్ర తెలియాలి. యుద్ధకాలంలో మన వైపు విమానాల గుండ్రటి గుర్తులో ఎర్ర చుక్క తీసేశారు, జపాన్ వారి ఎర్ర సూర్యుడిలా కనిపించి సొంతవాళ్లే కాల్చకుండా! 1948 నుంచి 1950 దాకా మన వైమానిక దళానికి అశోక చక్రం గుర్తు. 1950 నుంచి కాషాయం, తెలుపు, మధ్యలో ఆకుపచ్చ. మా సలహా హెచ్‌యూ 512. బాగు చేయించిన ఆ టైగర్ మాత్ 2012 ఎయిర్‌ఫోర్స్ డేనాడు హిండన్‌లో ఎగిరింది. పసుపు రంగు విమానం, చేత్తోనే గుర్తులు వేసుకోవచ్చు, మాగిన డెకాల్స్ బెడద తప్పుతుంది.

స్టార్ట్... కెమెరా!

కట్టిన విమానాన్ని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేస్తే అన్యాయం. 2022లో మన నందిగామా, జగ్గయ్యపేటా ఏ జిల్లాలోకి వెళ్లాయి? ఎన్టీఆర్ జిల్లాలోకి! ఆ ఎన్టీఆర్ గారు ‘సీతారామ కల్యాణం’ (1961)లో రావణుడై కైలాసం ఎత్తినప్పుడు ట్రిక్కు కెమెరా వెనక ఉన్నది రవికాంత్ నగాయిచ్. ఆయన దగ్గర ఉన్నది ఫిల్ము కెమెరా. మీ జేబులో ఉన్నది సెల్‌ఫోను. ఒక విషయంలో మీరే అదృష్టవంతులు.

అదేమిటో చెబుతాం. బొమ్మ వస్తువు కదిలినా పడినా చిటుక్కున కదులుతుంది, అందుకే బొమ్మని తెలిసిపోతుంది. మినియేచర్ తీసేవాళ్లు కెమెరాని వేగంగా తిప్పి, మామూలు వేగంతో చూపిస్తారు. ఎంత వేగం? కొలత సంఖ్యకి వర్గమూలం. 72కి వర్గమూలం ఎనిమిదిన్నర. సినిమాకి సెకనుకి 24 ఫ్రేములు కాబట్టి మనకి దాదాపు 204 కావాలి. ఇప్పటి చాలా ఫోన్లలో స్లో మోషన్ 240 దాకా ఉంటుంది, సరిపోయింది!

ఇంకో కిటుకు హోవర్డ్ హ్యూస్‌ది. ‘హెల్స్ ఏంజెల్స్’ (1930) తీసేటప్పుడు మబ్బుల కోసం రోజుల తరబడి కాచుకున్నాడాయన. ఖాళీ ఆకాశంలో ఎంత వేగంగా ఎగిరినా విమానం నిలబడిపోయినట్టే ఉంటుంది. వెనక మబ్బు కదిలితేనే వేగం. అందుకని శ్రావణమాసపు సాయంత్రం ఎంచుకోండి. మునేరు ఒడ్డునో, పాలేరు ఒడ్డునో గట్టు మీద నుంచుని, వెదురు కర్రకి చేపల గాలపు సన్న నైలాన్ దారంతో విమానాన్ని రెండు చోట్ల వేలాడదీయండి. దారానికి ఆకాశం రంగు బూడిద పూస్తే మెరవదు. ఫోను విమానం కంటే కిందుగా, మూరెడు దూరంలో ఉండాలి. కర్ర పట్టుకునేవాడు అడుగులు వేయకుండా నడుం మాత్రమే తిప్పాలి. ముక్కున ప్రొపెల్లర్‌ని ఊది తిప్పడానికి ఇంకో మిత్రుడు కావాలి, ఫ్రేములో వాడి బుగ్గలు పడకుండా చూసుకోండి.